మూలల్లేని శుభలేఖ

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇది చదువుతూ ‘పాపం, ఎంత నెమ్మదస్తుడో’ అనుకునే ప్రమాదముంది. నెమ్మదస్తుణ్ణి కాను, సమయానికి నోరు పెగలనివాణ్ణి. ఆ రెండూ ఒకటి కాదని మా ఆవిడ పెళ్ళయినప్పటినుంచీ చెప్తూనే ఉంది.

గుడివాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పదిహేడేళ్ళు కంపోజిటర్‌గా పనిచేశాను. సీసపు అక్షరాల్ని గూళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి, వరసల్లో పేర్చి, చుట్టూ ఇనప చట్రం బిగించి మిషనెక్కించడం నా పని. ధాన్యం కొట్లవాళ్ళ బిల్లు పుస్తకాలు, కాలేజీల ప్రశ్నపత్రాలు, పెళ్ళి శుభలేఖలు, అన్నీ ఈ వేళ్ళమీదుగా వెళ్ళినవే. నాది కోడూరు. మా నాన్న వలలు అల్లేవాడు. మా ఇంట్లో అక్షరాలతో బతికినవాణ్ణి నేనొక్కణ్ణే అని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. గర్వమెందుకు పడ్డానో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

తొంభైల మధ్యలో ప్రెస్సుకి కంప్యూటర్ వచ్చింది. దానికో ఏసీ గది కట్టారు. డిగ్రీ చదివిన ఒకమ్మాయి వచ్చి అందులో కూర్చుంది. నేను రెండు రోజులు పేర్చే పేజీని ఆ అమ్మాయి టీ చల్లారేలోపు చేసేసేది. ఆర్నెల్లు తిరక్కుండా నా గూళ్ళూ, నా అక్షరాలూ గోనెసంచుల్లో పోసి తూకానికి అమ్మేశారు. సంచులు మోసింది కూడా నేనే. మిగిలింది కాలితో తొక్కి ఆడించే పాత ట్రెడిల్ మిషనొక్కటే. దాన్ని కొనేవాడు దొరక్క మిగిలింది.

ప్రెస్సు యజమాని చెడ్డవాడేం కాదు. నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. అలా కూర్చోబెట్టడమే నాకు భయమేసింది, పదిహేడేళ్ళలో ఎన్నడూ కూర్చోమన్న పాపాన పోలేదు.

“ఏమయ్యా, నిన్ను వెళ్ళమనలేను, ఉండమనీ అనలేను” అన్నాడు. “శుభలేఖలు ఇప్పుడు షేపుల్లో అడుగుతున్నారు. ఆ పనంతా విజయవాడ వెళ్ళిపోతోంది. బందర్లో రోల్డుగోల్డు వాళ్ళకి అట్టలు కోసే డైలు చేస్తాడంట ఒకాయన. వెళ్ళి నేర్చుకునిరా. మన ట్రెడిల్‌నే కోతమిషన్ చేసుకుందాం. ఈ పెళ్ళిళ్ళ సీజన్లో ఆ పని నిలబడిందా, నువ్వుంటావు. నిలబడలేదా, నన్నేమీ అనుకోవద్దు.”

నిలబడకపోతే నేనేమవుతానో నాకు తెలుసు. మా బావమరిది కోడూరు దగ్గర రొయ్యల చెరువులు కౌలుకి తీసుకున్నాడు. కాపలాకి నమ్మకమైన మనిషి కావాలని కబురుమీద కబురు పంపుతున్నాడు. చెరువు గట్టు మీద తాటాకు పాకలో టార్చిలైటు పట్టుకుని కూర్చోవడమన్నమాట. నలభై దాటాక, బావమరిది చేతికింద! ఆ మాట తలపుకొస్తేనే అన్నం సహించేది కాదు.

అందుకని ఆదివారాలు బందరు ప్యాసింజర్ ఎక్కడం మొదలుపెట్టాను. మిగతా రోజులు ప్రెస్సులో ఊడవడం దగ్గర్నుంచి అన్ని పనులూ ఉండేవి మరి. చర్చి మానేయాల్సి వచ్చింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, “దేవుడికి కూడా సెలవు చీటీ రాసిచ్చి వెళ్ళండి, లేకపోతే ఆబ్సెంటు వేస్తాడు” అనేది. మాట అలా అన్నా టిఫిన్ డబ్బాలో పులిహోర సర్దేది.

బందర్లో ఆ పెద్దాయన ఒక రేకుల షెడ్డులో పనిచేసేవాడు. నశ్యం పీల్చడం, తుమ్మడం, తిట్టడం, ఈ మూడింటి మధ్యలో నేర్పేవాడు. బందరు గిల్టు దుద్దులు, గొలుసులు కొట్లో చిన్న అట్టలకి గుచ్చి వేలాడుతుంటాయి చూశారూ? ఆ అట్టలకి బెజ్జాలు, చీలికలు, గుండ్రటి అంచులు, అన్నీ ఆయన డైలతో కోసినవే.

డై అంటే నేనేదో పెద్ద యంత్రం అనుకున్నాను. తీరా చూస్తే చెక్కముక్క! ముప్పావంగుళం ప్లైవుడ్ మీద మనకి కావలసిన ఆకారం గీసుకోవాలి. ఆ గీతవెంట సన్నరంపంతో గాడి తియ్యాలి. ఉక్కుపట్టీని గీతకి సరిపోయేలా వంచి ఆ గాడిలో దిగ్గొట్టాలి. పట్టీ పైఅంచు కత్తిలా ఉంటుంది. ఆ చెక్కని చట్రంలో బిగించి మిషనెక్కిస్తే, ఒకప్పుడు అక్షరం అద్దినచోటే ఇప్పుడు కత్తి దిగుతుంది. కాగితం మడతపడాల్సిన చోట కత్తి బదులు మొద్దు అంచున్న పట్టీ పెడతారు. అది ఒక వెంట్రుకవాసి పొట్టిగా ఉండాలి. కొయ్యదు, నొక్కి వదిలేస్తుంది. కత్తికి రెండువైపులా స్పాంజి ముక్కలు అంటిస్తారు. లేకపోతే కోసిన కాగితం కత్తుల్లోనే ఇరుక్కుపోతుంది.

“ఇంతేనా?” అన్నాను మొదటిరోజు.

“ఇంతే. చెయ్యి చూద్దాం” అన్నాడాయన.

పట్టీ వంచడం ఉందే, అదీ నన్ను ఏడిపించింది. ఒక్కసారి ఎక్కువ వంచితే మళ్ళీ తిన్నగా రాదు. వచ్చినా అక్కడ నీరసపడిపోయి పదిరోజుల్లో విరుగుతుంది. ఆరు వారాల్లో నా వేళ్ళకి గుడ్డపీలికలు లేని రోజు లేదు. ఒకసారి ఆయన నేను చేసిన డైతో కాగితం కోసి, నా మొహాన విసిరాడు. ముక్కలు ముక్కలుగా నేలమీద రాలింది.

“పూర్తిగా కొయ్యకూడదయ్యా కంపోజిటరూ! కత్తికి నాలుగైదుచోట్ల ఆకురాయితో చిన్నగాటు పెట్టు. అక్కడ తెగదు. కాగితమంతా ఒక్కటిగా బయటికొస్తుంది, తర్వాత వేలితో పొడిస్తే అనవసరమైంది ఊడొస్తుంది. కోసేవాడికి ఎక్కడ కొయ్యకూడదో తెలియాలి.”

కాగితం కొన్నిచోట్ల తెగి కొన్నిచోట్ల తెగకపోతే, తెగనిచోట వెనకాల పల్చటి కాగితం ముక్క అంటించి ఎత్తు పెంచడం మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. అక్షరాలు సరిగా అంటనప్పుడు పదిహేడేళ్ళు చేసిన పనే అది. “ఇది వచ్చునే నీకు! ఇది బాగానే వచ్చు!” అన్నాడు పెద్దాయన. ఆయన నోట నేను విన్న పొగడ్త అదొక్కటే.

గుడివాడ తిరిగొచ్చాక చిన్నచిన్న పనులు చేశాను. బట్టల కొట్టుకి ధరల చీటీలు, మా చర్చికి క్రిస్మస్ నక్షత్రాలు, ఒక స్వీట్లషాపుకి అరకేజీ డబ్బాలు. పనైతే వచ్చింది, కానీ అది సీజను నిలబెట్టే పని కాదు. యజమాని పైకేమీ అనేవాడు కాదు. ట్రెడిల్ దగ్గరకొచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు. తిట్టినా బాగుండు.

అప్పుడొచ్చాడు నందివాడ రైతు. పెద్ద కుటుంబం, కూతురి పెళ్ళి, మాఘమాసం ముహూర్తం. “ఈ చుట్టుపక్కల ఎవరూ వెయ్యనిది వెయ్యాలండీ. డబ్బు గురించి కాదు. చూసినవాళ్ళు కార్డు దాచుకోవాలి” అన్నాడు.

అప్పటిదాకా ఎవరి ముందూ నోరెత్తని నేను, “తమలపాకు చేద్దామండీ” అనేశాను. రైతూ, యజమానీ ఇద్దరూ నావైపు తిరిగారు. తమలపాకు ఆకారంలోనే కోసిన శుభలేఖ, మధ్య ఈనె దగ్గర మడత. చిలకలు చుట్టేటప్పుడు ఆకుని మడిచినట్టు మడుచుకుంటుంది. విప్పితే ఒక సగంలో అమ్మాయివాళ్ళు, ఒక సగంలో అబ్బాయివాళ్ళు. చెప్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది. రైతు బల్లమీద చరిచి, “ఇదండీ!” అన్నాడు.

ఆ డై చేయడానికి ఐదు రోజులు పట్టింది. ఆకు పైన రెండు బుజాలూ, మధ్యలో తొడిమ దగ్గర లోపలికి నొక్కు, కింద కొన. ఆ నొక్కు దగ్గర మూడు పట్టీలు విరగ్గొట్టాను. మా ఆవిడ బజారు నుంచి రెండు కట్టలు తమలపాకులు తెచ్చి నా ముందు పోసి, “ఏది బాగుందో చూసుకోండి, మిగిలినవి నేను నమిలేస్తాను” అంది. ఆకుని ప్లైవుడ్ మీద పరిచి, పెన్సిల్‌తో చుట్టూ గీశాను. నాలుగోసారి పట్టీ నొక్కులో అతికినట్టు దిగింది. ప్రెస్సు వెనక షెడ్డులో ఎవరూ లేకపోయినా ‘స్తోత్రం’ అన్నాను పైకే.

ఎనిమిది వందల కార్డులు. ఆకుపచ్చ అట్ట, బంగారు అక్షరాలు. ట్రెడిల్ తొక్కింది నేనే, వేలితో పొడిచి ఆకుల్ని విడదీసింది నేనే. యజమాని మొదటి ఆకుని చేతిలోకి తీసుకుని, మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, “ఓరి నీ! నీలో ఇంతుందా?” అన్నాడు. కంప్యూటరమ్మాయి గదిలోంచి బయటికొచ్చి, “అంకుల్, నా పెళ్ళికి కూడా మీరే చెయ్యాలి” అంది. పాతికేళ్ళ వయసులో మొదటిజీతం తెచ్చినప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు. ఆ రోజు బావమరిదికి ఉత్తరం రాశాను, నాకోసం చూడొద్దు, వేరే మనిషిని పెట్టుకో అని.

కార్డుల పెట్టెలు ఆటోలో వేసుకుని నేనూ యజమానీ నందివాడ వెళ్ళాం. వాళ్ళ అరుగుమీద చాపవేసి ఉంది. రైతువాళ్ళ అమ్మ, డెబ్బై ఏళ్ళుంటాయి, కొత్తచీర కట్టుకుని గిన్నెలో పసుపు కలుపుకుని కూర్చుంది. మంచి గడియ చూసుకుని మొదటి శుభలేఖకి పసుపు పెట్టి దేవుడి దగ్గరుంచడం ఆవిడ పని. ఆ ఇంట్లో ఏ పెళ్ళయినా ఆవిడ చేత్తోనేనట.

కొడుకు ఆకు అందించాడు. ఆవిడ మురిసిపోయింది. “అబ్బ, నిజం ఆకులాగే ఉందిరా!” అంది. ఉంగరపు వేలు పసుపులో ముంచింది. ముంచి, వేలు కార్డుమీదకి తెచ్చి, ఆగింది. అంచువెంట వేలు గుండ్రంగా తిరిగింది. ఒకసారి తిరిగి మళ్ళీ తొడిమ దగ్గరకొచ్చింది. పసుపు బొట్టు ఆవిడ ఒళ్ళో పడింది.

“మూలలేవిరా?” అంది.

“ఫ్యాషనమ్మా, ఇలాగే ఉంటుంది” అన్నాడు కొడుకు.

“ఫ్యాషను సరే. నాలుగు మూలలా పసుపు పెట్టందే శుభలేఖ ఎలా అవుతుందిరా? నలుపక్కలా శుభమని పెడతాం. మూలలు కోసేసిన కాగితం ఇంటింటికీ పంచుతారా ఎవరన్నా? పిల్ల పెళ్ళిరా ఇది!” ఆవిడ గొంతులో కోపంలేదు, భయముంది. కోపమైతే నేను తట్టుకునేవాణ్ణి.

అరుగుమీద ఉన్నవాళ్ళంతా ఆకువైపు చూశారు. అంతదాకా అందం చూసిన కళ్ళే ఇప్పుడు మూలలు వెతుకుతున్నాయి. ఎన్ని వేల శుభలేఖలు పేర్చానో నేను! ఒక్కనాడూ పసుపు సంగతి తలపుకి రాలేదు. కాగితానికి మూలలెప్పుడూ ఉండేవి కదా. పసుపు పెట్టేది కార్డు మా ప్రెస్సు దాటాకే కదా. మా ఇళ్ళల్లో పెళ్ళికార్డు మీద బైబిలు వాక్యం ఉంటుంది, పసుపు ఉండదు. వేరేవాళ్ళ కార్డులమీద చూసినా పట్టించుకోలేదు. కానీ యజమాని చూడలేదా? రైతు చూడలేదా? మూడుసార్లు నమూనా తిప్పితిప్పి చూసిన పెద్దమనుషులకి ఒక్కరికీ తట్టలేదే!

ఆ గాభరాలో నోరు తెరిచాను. “అమ్మా, నాలుగు మూలలున్న అట్టమీద ఈ ఆకుని అంటించి తెస్తే? ఒక సగం అంటుకుని ఉంటుంది, ఇంకో సగం తలుపులా తెరుచుకుంటుంది. మీరు అట్ట మూలలకి పసుపు పెట్టుకోవచ్చు.”

ఆవిడ నన్ను అప్పుడే చూసినట్టు చూసింది. “మూలలుంటే చాలు నాయనా. ఆకు బాగుంది, నేను కాదన్లేదు” అంది.

తిరిగొచ్చేటప్పుడు పెట్టెలన్నీ మళ్ళీ ఆటోలోకి ఎక్కించాం. కాలవ దాటాక యజమాని అన్నాడు, “నీ తప్పేంలేదులే. మీ ఇళ్ళల్లో పసుపుండదు, నీకెలా తడుతుంది? నీకిచ్చిన నాది బుద్ధి తక్కువ.”

తిట్టుంటే సరిపోయేది. క్షమించాడు! ఆయన నుదుటిమీద పొద్దున పెట్టుకున్న బొట్టు ఇంకా అలాగే ఉంది. “మరి మీ ఇంట్లో ఉంటుంది కదండీ, మీకెందుకు తట్టలేదు?” అని అడగాలి నేను. ఆ ప్రశ్న ఇప్పటికీ రోజుకోసారి అడుగుతుంటాను, స్నానం చేస్తూనో, సైకిలు తొక్కుతూనో. ఆ రోజు మాత్రం నా నోట్లోంచి వచ్చింది “అవునండీ” అని. ఛీ, నా బతుకు!

మూడు రోజులు అంటించాం. లేత పసుపురంగు అట్టలు నలుచదరంగా కోసి, జిగురు రాసి, ఆకుని ఈనెదాకా అంటించడం. మా ఆవిడ కూడా ప్రెస్సుకి వచ్చి కూర్చుంది. “కోసిందీ మనమే, అతికించేదీ మనమే. ఇంతోటిదానికి ఆదివారాలన్నీ బందరు తగలేశారు” అంటూనే నాకంటే చకచకా అంటించింది. ఆటోలో యజమాని అన్నమాట ఆమెకి చెప్పలేదు. చెప్తే మర్నాడు ఆయన్ని ప్రెస్సు మధ్యలో నిలబెట్టి కడిగేసేది. బహుశా చెప్పాల్సింది.

కార్డులు వెళ్ళాయి. పెద్దావిడ పసుపు పెట్టింది. పెళ్ళి జరిగింది. నిజం చెప్పాలంటే, అట్టమీద అంటించాక ఆకు ఇంకా అందంగా ఉంది. గుడివాడలో ఆ కార్డు గురించి చెప్పుకున్నారు. చైత్రం ముహూర్తాలకి ముందు ఒక మిల్లు యజమాని ప్రెస్సుకొచ్చి, “నందివాడ పెళ్ళికి వేశారే ఆకు, అదే మాకూ కావాలండీ” అన్నాడు. నేను షెడ్డులోంచి విన్నాను. చెక్కమీద పట్టీలకి నూనె రాసి ఉంచాను. గాట్లు మళ్ళీ సరిచూసుకున్నాను. ఎన్ని కార్డులో చెప్తే ట్రెడిల్ మొదలుపెట్టేద్దామని చేతులు తుడుచుకుని నిలబడ్డాను.

కాసేపటికి యజమాని పిలిచాడు. ఏసీ గదిలోకి రమ్మన్నాడు. చేతిలో నందివాడ కార్డొకటి ఉంది.

“ఆలోచిస్తే నాకొకటి తట్టిందయ్యా” అన్నాడు. “ఎలాగూ అట్ట నాలుగు మూలలతో ఉండాల్సిందే. దానిమీద ఆకు బొమ్మ అచ్చేస్తే పోలా? మళ్ళీ కొయ్యడమెందుకు, అంటించడమెందుకు? ఆ అంటించే ఉపాయం చెప్పింది నువ్వే కదా!” మెచ్చుకోలుగానే అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు, అదీ నా ఖర్మ.

కంప్యూటరమ్మాయి నా కార్డు తీసుకుని స్కానరు అద్దంమీద బోర్లా పెట్టింది. మూత వేసింది. ఆకు మందంగా ఉండటంవల్ల మూత సరిగా పడలేదు. రెండుసార్లు ప్రయత్నించింది, బొమ్మ మసకగా వస్తోందంది.

“కాస్త నువ్వు నొక్కి పట్టుకోవయ్యా, నీ చెయ్యి గట్టిది” అన్నాడు యజమాని.

నొక్కి పట్టుకున్నాను. మూతకింద తెల్లటి వెలుగు ఈ చివరినుంచి ఆ చివరికి నెమ్మదిగా జరిగింది. అది వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టాను, కదిలితే అమ్మాయికి మళ్ళీ పనవుతుందని. ఐదు రోజుల నా ఆకు తెరమీదకి రావడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

“వచ్చేసింది అంకుల్. ఇంక చెయ్యి తీసెయ్యండి” అంది.

తీసేశాను. యజమాని నావైపు చూసి, ఏదో అనబోయి, మిల్లాయనకి టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు. ఆయనకీ నోరు పెగల్లేదని అర్థమైంది నాకు. ఇంక నాకు పని లేదన్న మాట ఉగాది దాకా ఆగి చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడకి కబురు అప్పటికే తెలిసింది. మొహం వెలిగిపోతోంది. గుమ్మంలోనే అడిగింది, “ఆకు కార్డు మళ్ళీ ఎవరో అడిగారటగా?”

“అవును” అన్నాను.

“చూశారా! ఊరికే దిగులు పడ్డారు. ఇంక రేపట్నుంచి మీకు చేతినిండా పనే.”

అవునన్నాను.